ప్రాజెక్టు వర్కులో మన ఊరి చెరువు

‘ఈ కాలం చదువుల్లో టీచరుగా మీకు నవ్వొచ్చే విషయాలేంటి?’ అని అడిగారు. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నవ్వకపోతే బీపీ మాత్ర వేసుకోవాల్సి వస్తుంది కాబట్టి నవ్వుతుంటాను.

మార్కులతో పిల్లలకు టెన్షన్ అని 2012లో పదో తరగతికి గ్రేడ్లు తెచ్చారు. టెన్షన్ పోలేదు, ‘పదికి పది’ అని పేరు మార్చుకుంది. ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీల మీద ఓటరు లిస్టులా ఫొటోలు కిక్కిరిసిపోయి, తమ బిడ్డ ఎక్కడున్నాడో తల్లిదండ్రులే వెతుక్కునేవాళ్లు. 2025 ఫలితాలకు ఆ పది పాయింట్ల జీపీఏ తీసేసి మళ్లీ మార్కులిచ్చారు. ఫ్లెక్సీ వేసేవాళ్లకు కాస్త తెరిపి.

మా హాజరు కూడా ఇప్పుడు యాప్‌లోనే, ముఖం చూపించాలి. సిగ్నల్ మెట్ల దగ్గరే దొరుకుతుంది. పొద్దున్నే టీచర్లమంతా అక్కడ ఫోన్లు పైకెత్తి నిలబడతాం. ప్రార్థనలో కూడా అంత భక్తి ఉండదు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది ప్రాజెక్టు వర్కు. పదిలో రాత పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20. అందులో ప్రాజెక్టుకు 5. పిల్లలు ఊళ్లోకి వెళ్లి, నలుగురిని అడిగి, చూసింది రాయాలన్నది ఉద్దేశం. మంచిదే, దాన్ని ఎగతాళి చేయను. ‘మన ఊరి చెరువు’ అని ఇచ్చాను. మా క్లాసు కిటికీలోంచి చూస్తే చెరువు కట్ట కనిపిస్తుంది. అయినా అందరూ నెట్ సెంటర్‌కే పోయారు. స్పైరల్ బైండింగ్, అట్ట మీద గులాబీ పువ్వు, లోపల కలర్ ప్రింటులో బుద్ధుడి విగ్రహంతో సహా హుస్సేన్ సాగర్. మా ఊరి చెరువులో బోటింగ్ ఉందని ఒకడు రాశాడు. ‘ఎక్కడరా?’ అంటే, ‘నెట్‌ల ఉంది మేడం’ అన్నాడు. ఇంకొకడి కాగితం అడుగున ‘మరిన్ని వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి’ అని ఉంది. వేలితో గట్టిగా నొక్కి, ‘ఏం రావట్లేదేంరా’ అన్నాను. క్లాసంతా నవ్వింది, వాడు కూడా.

ఇప్పుడు రూలు మార్చాను. తెల్ల కాగితం, సొంత చేతిరాత, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాట ఒక్కటైనా ఉండాలి. ఒకమ్మాయి పేజీన్నర రాసుకొచ్చింది. చెరువు కింద ఎవరెవరి పొలాలు పారేవి, తూము ఎవరు తీసేవాళ్లు, బతుకమ్మను ఏ వైపు నిమజ్జనం చేసేవాళ్లు, అన్నీ ఉన్నాయి. చివర్లో, ‘మా తాత చెప్పిన దాని ప్రకారం మన చెరువులో ఇప్పుడు చేపల కంటే ప్లాట్లు ఎక్కువ’ అని రాసింది. అయిదుకి అయిదు వేశాను.

స్టాఫ్ రూంలో చూపిస్తే మా లెక్కల సారు మొత్తం చదివి, బాగా నవ్వి, వెంటనే సీరియస్ అయిపోయారు. ‘బాగుంది గానీ మేడం, తనిఖీకి వచ్చినవాళ్లు దీన్ని ప్రాజెక్టంటారా? బైండింగ్ లేదు కదా!’