సోరబుర్రలో దొరికిన గింజలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అత్తమ్మ దాచిపెట్టిన సోరబుర్రల బూడిద కలిపిన గింజలు నాలుగు రకాలు దొరికినయి. కొన్ని ఎర్రగ, నల్లమచ్చతోటి ఉన్నయి. కొన్ని చారలు చారలుగ మెరుస్తున్నయి. కొన్ని నల్లగ, తెల్ల గీతతోటి ఉన్నయి. ఇంకొన్ని మిర్ప గింజల లెక్క ఉన్నయి. ఇవి ఏం గింజలో ఎట్ల తెలుసుకోవాలె? నాటుకొని తినొచ్చునా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ముందు ఆ బుర్రను పిల్లలకు అందకుండా పెట్టండి. మీరు రాసినదాన్ని బట్టి వాటిలో రెండు రకాలు కచ్చితంగా విషమే, మిగతా రెండూ తేల్చుకోవాల్సినవి.

ఎర్రగా ఉండి నల్లమచ్చ ఉన్నది గురిగింజ. దాని పొట్టు చాలా గట్టిది కాబట్టి ఒక్కోసారి నమలకుండా మింగితే అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, దండ గుచ్చడానికి బెజ్జం వేసిన గింజను మింగినా లోపలి అబ్రిన్ అనే విషం ఒంటికి పడుతుంది. చారలతో మెరుస్తూ, ఒక కొనన మెత్తటి పులిపిరి లాంటిది ఉంటే అది ఆముదం గింజ. అందులోని విషం రైసిన్. ఈ రెండింటినీ నాటి చూడాల్సిన పని లేదు.

తెల్ల గీత ఉన్న నల్ల గింజలను జాగ్రత్తగా చూడండి. గీత ఉబ్బెత్తుగా, గింజ అంచు వెంబడి పొడవుగా పాకి ఉంటే అనుములు, అంటే చిక్కుడు జాతి. గీత పొట్టిగా, కోలగా ఉండి దాని చుట్టూ తెల్లటి గట్టు కట్టినట్టుంటే దూలగొండి అయ్యే అవకాశం ఎక్కువ. దాని కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పెడుతుంది.

అసలు చిక్కు మిర్ప గింజల్లాంటి వాటితోనే, ఎందుకంటే ఉమ్మెత్త గింజలు చూపుకు వాటికి దగ్గరగా ఉంటాయి. పది గింజల బూడిద దులిపి తెల్ల పళ్లెంలో పరచండి. పక్కన మీ ఇంటి ఎండుమిరపకాయ గింజలు పది పెట్టి, భూతద్దంతో పోల్చండి. మిరప గింజ పల్చగా, ఇంచుమించు గుండ్రంగా, నునుపుగా, 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఉమ్మెత్త గింజ చెవి ఆకారంలో ఉంటుంది. దాని అంచు మందంగా వంకరలు తిరిగి, ఒళ్లంతా సన్నటి గుంటలు పడి ఉంటుంది. వంకాయ గింజా ఇలాగే బల్లపరుపుగా ఉంటుంది కానీ ఇంకా చిన్నది, నున్నటిది. ఘాటు ఉందేమోనని నాలుక మీద వేసుకోకండి. చూసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అప్పటికీ తేలకపోతే మొలిపించి చూడొచ్చు. పాత గింజలు కాబట్టి ముందు రకానికి పది చొప్పున తడిగుడ్డలో చుట్టి పెట్టండి. చిక్కుడు జాతివి వారంలోపే మొలకెత్తుతాయి, మిరప జాతికి రెండు వారాల దాకా ఆగాలి. మొలిచినవాటిని రకానికో కుండీలో నాటి, పేరు చీటీ గుచ్చండి. తోటకూర, పుంటికూర మడిలో మాత్రం వేయొద్దు. కూర తెంపేటప్పుడు తెలియని ఆకు కలిసిపోయేది అక్కడే. ప్రతి రకంలో కొన్ని గింజలు విత్తకుండా దాచండి, తర్వాత పోల్చుకోవడానికి కావాలి.

మొలక ఆకులను చూసి తీర్పు చెప్పేయకండి. అసలు ఆకులు, పువ్వు, కాయ మూడూ కనిపించాలి. మిరప పువ్వు చిన్నగా, తెల్లగా, తల వంచుకొని ఉంటుంది. ఉమ్మెత్తది బూర లాంటి పెద్ద పువ్వు, కాయ మీద ముళ్లో బొడిపెలో ఉంటాయి, ఆకు నలిపితే వెగటు వాసన వస్తుంది. పువ్వూ కాయా ఉన్న కొమ్మను పేపరు మడతల్లో పెట్టి మామునూరు కృషి విజ్ఞాన కేంద్రానికో, కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికో తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమర్చి కుళ్లిపోతుంది. ఫోన్ యాప్ చెప్పిన పేరును వెతకడానికి ఒక ఆధారంగా తీసుకోండి, తినడానికి మాత్రం అది చాలదు.

పేరు తేలినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఏ భాగం తినొచ్చు, ఎలా వండితే తినొచ్చు? చమ్మకాయ లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారు, అదే చెట్టు ముదురు గింజ సరిగా ఉడకకపోతే హాని చేస్తుంది. పిట్టలు తిన్నాయి, మేకలు మేశాయి అన్నది మనిషికి ప్రమాణం కాదు. ఉడికిస్తే విషం పోతుందన్న నమ్మకమూ ప్రమాదమే, ఉమ్మెత్త విషం వండినా పోదు.

ఎవరైనా నమిలారని తెలిస్తే బాగానే ఉన్నారు కదా అని ఆగొద్దు. గురిగింజ, ఆముదం విషం లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు మొదలవుతాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. 108కి ఫోన్ చేసి, మిగిలిన గింజలను వెంట పెట్టుకొని పెద్దాసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పెంటకుప్ప మీద దానంతట అదే మొలిచిన సోర తీగకు కాయలు బాగా పడ్డయి. ఒకటి కోసి వండితే చేదు. మిగతావి తినొచ్చునా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఆ తీగ కాయలేవీ తినకండి. చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థాలు. ఇవి వండినా, ఉప్పు వేసి పిండినా పోవు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, తీవ్రమైతే రక్తం కక్కుతారు. రసం తీసి తాగితే మరీ ప్రమాదం, ఎందుకంటే ఒక్క గ్లాసులో చాలా కాయ దిగిపోతుంది. చేదు రకంతో పరాగం కలిసిన కాయ ఆ ఏడు మామూలుగానే ఉంటుంది. దాని గింజ నుంచి వచ్చిన తీగ కాయల్లోనే చేదు బయటపడుతుంది. బీరలోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి ఈ తీగ నుంచి విత్తనం తీయొద్దు.

సోర, బీర, దోస వండే ముందు చిన్న ముక్క నాలుక కొనకు తాకించి ఉమ్మేయడం మంచి అలవాటు. ఇది పేరు తెలిసిన కూరగాయలకు మాత్రమే. పుచ్చ ఆకులాంటి ఆకుతో, చారల చిన్న కాయలతో పొలం గట్టున పాకే పాపర తీగ మీద ఈ పరీక్ష చేయకండి.

ప్రశ్న: చేనులో పండిన ఆవాలు నూనె పట్టించాలనుకుంటున్నాం. అందులో గరుకు గింజలు కనిపిస్తున్నయి. ఏమన్నా భయమా?
– ఒక రైతు, జనగామ

జవాబు: భయపడాల్సిందే, అవి బ్రహ్మదండి గింజలు కావచ్చు. తెల్ల చారల ముళ్ల ఆకులు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు కారే కలుపు మొక్క అది. చెంచాడు ఆవాలు తెల్ల కాగితం మీద పోయండి. ఆవగింజ నునుపుగా, గుండ్రంగా దొర్లుతుంది. బ్రహ్మదండి గింజ ఇంకా నల్లగా, వల అల్లినట్టు గరుకుగా ఉంటుంది. చెంచాతో నొక్కితే ఆవగింజ లోపల పసుపు, బ్రహ్మదండి లోపల తెలుపు. దీని నూనె కలిస్తే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వల్ల ఇదే జబ్బు వచ్చి జనం చనిపోయారు. ఏరి తీసేస్తే చాలు అనుకోవద్దు, కొన్ని తప్పకుండా మిగిలిపోతాయి. ఆ ఆవాలను నూనెకూ పోపుకూ వాడకండి. వచ్చే పంటలో ఈ కలుపును పూత దశకు ముందే పీకేయండి.

ప్రశ్న: విత్తంగ మిగిలిన గులాబీ రంగు మక్కలు కడిగి కోళ్లకు వేయొచ్చునా?
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: వద్దు. ఆ రంగు విత్తనానికి శిలీంధ్రనాశిని, పురుగుమందు పట్టించారని తెలిపే గుర్తు. కడిగితే రంగు వెలుస్తుంది కానీ మందు పూర్తిగా పోదు. పిండి పట్టించినా అంతే. సంచిని మూతి కట్టి, తిండిగింజలకు దూరంగా పొడిచోట దాచండి. వచ్చే సీజన్లో 100 గింజలు తడిపిన గోనెసంచిలో చుట్టి వారం చూడండి. 90 మొలిస్తే ధీమాగా విత్తుకోవచ్చు.