ముందు మన వాడకట్టు రోడ్డు లెక్క అడుగు

చిరంజీవి బిడ్డకు మీ పెద్దబాపు ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో "కోట్లు తింటున్నారు పెద్దబాపూ, అడిగే నాథుడే లేడు" అన్నావు. నీ కోపం న్యాయమైనదే. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం, ఆ పైసలు ఎటు పోతున్నాయో అడిగే హక్కు నీకుంది. కానీ కోట్ల సంగతి కాస్త ఆగనీ. మన వాడకట్టులో పోయినేడు వేసిన సీసీ రోడ్డుకు ఎంత మంజూరైంది? ఎన్ని మీటర్లని బిల్లు చేశారు? ఎవరు కొలిచారు? అక్కడి నుంచి మొదలుపెట్టు. మండల పరిషత్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, రాష్ట్ర బడ్జెట్‌ను తిడితే ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం కదలదు. ఒక రోడ్డు ఎం-బుక్ నకలు అడిగితే కదులుతుంది.

ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం. ఇంజినీరు పని దగ్గరికి వచ్చి పొడవు, వెడల్పు, మందం కొలిచి అందులో రాయాలి. బిల్లు దాని మీదే తయారవుతుంది. అందుకే తీర్మానం, అంచనా, బిల్లు అన్నీ అడిగినా నీ కన్ను ముందు దాని మీద పడాలి. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు రోడ్డును పదిహేను సెంటీమీటర్ల మందంతో వేస్తే 45 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది. అదే పది సెంటీమీటర్లే పోస్తే 30తో సరిపోతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా నున్నగా కనిపిస్తాయి. మూడో వంతు ఎటు పోయిందో రోడ్డు అంచున మట్టి తీసి కొలిస్తేనే బయటపడుతుంది.

ఇక దరఖాస్తు సంగతి. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద తెలుగులోనే రాయి. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు, చట్టమే ఆ మాట అంటుంది. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. పంచాయతీలో కార్యదర్శికి ఇవ్వు. నువ్వడిగిన కాగితం వేరే ఆఫీసులో ఉంటే, అయిదు రోజుల్లో అక్కడికి పంపే బాధ్యత వాళ్ళదే. నీ దగ్గరుండే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా మాత్రం గడప దాటకు.

చాలామంది ఒక దగ్గర తప్పుతారు. నేనూ తప్పాను. రిటైరయ్యాక మా వీధి మోరీ (మురుగు కాలువ) గురించి మొదటిసారి అడిగినప్పుడు "మోరీ ఎందుకు సగంలో ఆపేశారు?" అని రాశాను. "రికార్డులో సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చట్టం రికార్డులో ఉన్నదాన్ని ఇప్పిస్తుంది గానీ సంజాయిషీ చెప్పించదు. రెండోసారి ఫలానా పని మంజూరు ఉత్తర్వు, అంచనా, ఎం-బుక్ పేజీలు, చెల్లింపు వోచర్ల నకళ్ళు కావాలని రాశాను. వచ్చాయి. పుస్తకంలో 120 మీటర్లు, మా వీధిలో 92. నలుగురం టేపు పట్టుకుని కొలిచి, ఆ కాగితం గ్రామసభలో చదివాం. ఎవరినీ దొంగ అనలేదు, రెండు అంకెలూ పక్కపక్కన చెప్పామంతే. మిగిలిన 28 మీటర్లు ఆ ఎండాకాలంలో పూర్తయింది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఊరుకోకు. ఆ పై అధికారికి ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకో. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు పోవచ్చు. గడువు దాటాక ఇచ్చే నకళ్ళకు నీ దగ్గర పైసా తీసుకోకూడదు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 మించకుండా జరిమానా వేయొచ్చు. కమిషన్ దగ్గర చాలా కాలం పడుతుంది, ఆ మాట నీతో దాచను. అందుకే మొదటి దరఖాస్తునే శ్రద్ధగా రాయి. నకళ్ళే కాదు, పనిని స్వయంగా చూసే హక్కు, సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి. ఇది ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకే సగం మందికి తెలియదు.

ఈ హక్కు ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు దయతలచి ఇచ్చింది కాదు బిడ్డా. రాజస్థాన్ పల్లెల్లో కూలి తక్కువ ఇచ్చారని మస్టర్ రోలు (కూలీల హాజరు, కూలి లెక్కల పట్టీ) చూపించమన్న కూలీలు, వాళ్ళతో నిలబడ్డ సామాజిక కార్యకర్త అరుణా రాయ్ వంటివాళ్ళు 1990లలో ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి, వీధిలో కాగితాలు చదివి సాధించుకున్నది. మన దగ్గర ఉపాధి హామీ పనులకు 2006లో మొదలైన సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలను ఊరి జనం ముందే సరిచూడడం కూడా అదే దారి. ఊళ్ళో తనిఖీ సభ పెడితే అమ్మను, చిన్నమ్మలను వెంటబెట్టుకుని వెళ్ళు.

కార్యదర్శి మీద నోరు పారేసుకోకు. నాలుగు పక్కల ఒత్తిడి మోసే ఉద్యోగం అది, ఎందరినో చూశాను. పంచాయతీ చెక్కు మీద సర్పంచి సంతకం ఉంటుంది. అడగాల్సినవాళ్ళను అడుగు. ఒంటరిగా మాత్రం పోవద్దు, దరఖాస్తు మీద ఇద్దరు ముగ్గురు వాడకట్టువాళ్ళ పేర్లు ఉండనీ. చేతికొచ్చిన కాగితాలు చూపి ఎవరి దగ్గరైనా లోపాయికారీగా ఏదైనా తీసుకున్నావని నా చెవిన పడితే, ఆ రోజు నుంచి నీతో మాట్లాడను.

దరఖాస్తు రాసి ముందు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి దిద్దుతాను. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా, 30 మీటర్ల టేపు నా దగ్గరుంది. రోడ్డు అంచున మట్టి తీయడానికి గడ్డపార ఎవరినైనా అడిగి ఉంచు.

మీ పెద్దబాపు