ఒక్క బండి, మూడు పనులు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర చిన్న స్పిన్నింగ్ మిల్లు. నేను మెయింటెనెన్స్ చూస్తాను. సింప్లెక్స్ (దూదిని లావు పోగుగా చేసే మిషన్) నుంచి రింగ్ ఫ్రేమ్‌ల (నూలు వడికే మిషన్లు) దగ్గరకు బాబిన్ల ట్రాలీలు, చివర్లో గోడౌన్‌కు నూలు కోన్ల ట్రాలీలు మనుషులే తోస్తారు. నైట్ షిఫ్టుకు మనుషులు దొరకడం లేదు. ట్రాలీలను తమంతట తామే తీసుకెళ్లే రోబో బండ్లకు కంపెనీలు చెప్పే రేట్లు మాకు అందేవి కావు. విడి విడి భాగాలు బిగించుకునే మాడ్యులర్ రోబో అయితే చవకగా సొంతంగా చేసుకోవచ్చంటున్నారు. నిజమేనా? ఒక్క బండితో అన్ని పనులూ అవుతాయా?
- మిల్లు సూపర్‌వైజర్, గుంటూరు

జవాబు: అవుతాయి, కానీ మొదటి రోజే కాదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి బండ్లు చేస్తుంటాను. నా మొదటి బండికి చాసిస్ అంతా ఒకే ముక్కగా వెల్డ్ చేయించి, మోటార్లు లోపలికి దూర్చి, ఎంత గట్టిగా ఉందోనని మురిసిపోయాను. నెల తిరక్కుండానే ఒక మోటారు డ్రైవర్ బోర్డు (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే బోర్డు) కాలిపోయింది. సరైన ఫ్యూజు పెట్టని తప్పు నాదే. దాన్ని బయటికి తీయడానికి గ్రైండర్‌తో చాసిస్ కోయాల్సి వచ్చింది. మూడు రోజులు బండి మూలన పడి ఉంది, ట్రాలీలు మళ్లీ మనుషులే తోశారు.

మాడ్యులర్ అంటే ఏమిటో నాకు ఆ మూడు రోజుల్లో అర్థమైంది. ఇప్పుడు ఎడమ చక్రం, దాని మోటారు, గేర్‌బాక్స్, డ్రైవర్ బోర్డు అన్నీ కలిపి ఒక పెట్టె. కుడి వైపుదీ అచ్చం అదే. ఒక్కో పెట్టెకు నాలుగు బోల్టులు, రెండు ప్లగ్గులు: ఒకటి కరెంటుకు, ఒకటి క్యాన్ బస్‌కు. క్యాన్ అంటే బాష్ కంపెనీ 1986లో కార్ల కోసం బయటపెట్టిన పద్ధతే, రెండు తీగల మీదే బోర్డుల మధ్య సందేశాలు నడుస్తాయి. మన ఆటో ఎలక్ట్రీషియన్లకు కొత్త కాదు. ప్లగ్గులు మాత్రం ఒకదాంట్లో ఇంకోటి దూరకుండా వేరు వేరు సైజుల్లో కొనండి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో మార్చేది మీవాళ్లే కదా! ఒక స్పేర్ పెట్టె ఉంచుకుంటే అరగంట పని.

పైభాగం కూడా అంతే. ముందు ట్రాలీని లాగే కొక్కెం ఒక్కటే పెట్టండి. ఎత్తే బల్ల, రోలర్లు తర్వాత అదే బోల్టు రంధ్రాల మీద కూర్చుంటాయి. లాగే బండికి బరువు మోసే చాసిస్ అక్కర్లేదు, డబ్బు అక్కడే మిగులుతుంది. కాకపోతే మరీ తేలికైతే చక్రాలు జారతాయి. బ్యాటరీని సరిగ్గా చక్రాల మీద పెట్టండి.

మోటారు కొనే ముందు ర్యాంపు చూడండి. బండి, ట్రాలీ, సరుకు కలిపి 400 కిలోలు అనుకుందాం. చదును నేల మీద లాగడానికి సుమారు 8 కిలోల బలం చాలు. 20 అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు వస్తే ఇంకో 20 కిలోలు కావాలి. సెకనుకు 0.8 మీటర్ల వేగంలో 63 వాట్ల పని కాస్తా 220 వాట్లవుతుంది. గోడౌన్ గుమ్మం దగ్గర ఆగిపోయే బండ్లన్నీ ఈ లెక్క వేయనివే.

మీ దగ్గర అసలు శత్రువు దూది. ఇరుసులకు చుట్టుకుంటుంది, కెమెరా అద్దం మీద పేరుకుంటుంది. బ్రష్ మోటార్లు వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. దారికి నేల మీద అయస్కాంత టేపు అంటించండి, పైన దూది పడినా సెన్సర్‌కు తెలుస్తుంది. లైడార్ (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్), రోబోలకు వాడే ఆర్‌ఓఎస్ 2 సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే, నేర్చుకునే టైమ్ మాత్రం ఉచితం కాదు.

ఆపే ఏర్పాటులో మాత్రం పిసినారితనం వద్దు. చవక లైడార్ దారి చూపిస్తుందే గానీ మనిషిని కాపాడే స్కానర్ కాదు. నేల మీద వంగి దూది ఊడ్చేవాళ్లు దానికి కనపడకపోవచ్చు. ఎర్ర బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్‌ను అడక్కుండా నేరుగా మోటారు కరెంటు తెగాలి, కరెంటు పోతే బ్రేకు దానంతటదే పడాలి. డ్రైవర్ లేని బండ్ల భద్రతకు ఐఎస్ఓ 3691-4 అనే ప్రమాణం ఉంది, అది తెలిసినవాళ్లకు చూపించకుండా మనుషుల మధ్యకు వదలొద్దు.

ఈ వారం ఒక నైట్ షిఫ్టులో ట్రాలీలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్క రాయండి. ర్యాంపు పొడవు, ఎత్తు కూడా కొలిచి పంపండి. కంటి అంచనా కాదు, టేపు పెట్టి.