గదిలో లేనివారి కోసం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మీ సంస్థ న్యూస్‌లెటర్ తొలి సంచికను రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. అయితే మొదటి పుట నిండా మేనేజింగ్ డైరెక్టర్ సందేశమూ, మాదాపూర్ ఆఫీసులో జరిగిన జ్యోతి ప్రజ్వలన ఫొటోలూ ఉన్నాయి. డలాస్‌లో, లండన్‌లో, విశాఖలో పనిచేసే మీ సహోద్యోగులకు కావలసిన సంగతి, అంటే బిల్లింగ్ విధానం మారుతుందన్న నిర్ణయం, నాలుగో పుట చివరి పేరాలో ఉంది. చూసి నవ్వుకున్నాను, ఎందుకంటే నా తొలి సంచిక కూడా అచ్చం ఇలాగే వచ్చింది. అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో సెలవుల నిబంధన మారితే, ఆ సంగతిని పుట్టినరోజుల జాబితా కింద వేశాను. మూడు వారాల తరువాత దూరపు శాఖ నుంచి ఒకాయన ఫోన్ చేసి, మాకెవరూ చెప్పలేదే అన్నాడు. చెప్పామని వాదించాను గాని, ఫోన్ పెట్టేశాక ఆయన అన్నదే నిజమనిపించింది.

హైదరాబాద్ ఆఫీసులో ఉన్నవారికి సగం వార్తలు టీ తాగే చోటే తెలిసిపోతాయి. నువ్వు రాయవలసింది ఆ టీకి రాలేనివారికి. కాబట్టి ప్రతి అంశాన్నీ నిర్ణయంతోనే మొదలుపెట్టి, అది ఎవరి పనిని ఎప్పటి నుంచి మారుస్తుందో, సందేహం వస్తే ఎవరిని అడగాలో వెంటనే చెప్పు. ఎందుకు తీసుకున్నారన్నది మాత్రం దాదాపు అందరూ వదిలేస్తారు. కారణం తెలియని నిర్ణయం దూరాన ఉన్నవారికి హుకుంలా వినిపిస్తుంది. చర్చలో ఏ ప్రత్యామ్నాయాన్ని, ఎందుకు పక్కన పెట్టారో ఒక్క వాక్యం రాస్తే, అదే ప్రశ్న పది మెయిళ్లుగా తిరిగి రావడం చాలావరకు తగ్గుతుంది.

"రేపు ఉదయం సర్వర్ ఆపుతాం" అని రాశావు. ఎవరి ఉదయం? మనకూ డలాస్‌కూ వేసవిలో పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అది పదకొండున్నర అవుతుంది. లండన్‌లో గడియారాలు మార్చే తేదీలు మళ్లీ వేరు. అందుచేత తేదీ, గంట, అది ఏ ఊరి సమయం అన్న మూడూ రాయక తప్పదు. సంక్రాంతి మూడు రోజులు ఇక్కడెవరూ దొరకరనీ, నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగకు డలాస్‌వారు ఉండరనీ ముందు సంచికలోనే గుర్తుచేస్తే రెండు వైపులా విసుగు తప్పుతుంది.

పీడీఎఫ్ మానెయ్యి. ఫోన్‌లో దాన్ని వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. విషయాన్ని మెయిల్‌లోనే రాయి, కానీ పొదుపుగా: సందేశం సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని కత్తిరించి ఒక లింకు వెనక దాచేస్తుంది. ముఖ్యమైన మాటను బొమ్మలో అక్షరాలుగా పెట్టకు. చూపులేని సహోద్యోగి వాడే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది రాతను చదివి వినిపించే సాధనం, దాన్ని సరిగా చదవలేకపోవచ్చు.

ఎంతమంది తెరిచారన్న లెక్కను పైవాళ్లు అడుగుతారు. మెయిల్‌లో పెట్టిన ఒక బొమ్మ ఎన్నిసార్లు తెప్పించబడిందో చూసి ఆ లెక్క కడతారు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యత సదుపాయం, చదివినా చదవకపోయినా బొమ్మలను ముందే తెప్పించేస్తుంది కనుక ఆ లెక్కను నేను పెద్దగా నమ్మను. సంచిక వెళ్లాక కూడా ఏ ప్రశ్నలు వస్తూనే ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుంటూ ఉండు, అది ఎక్కువ పనికొస్తుంది.

మరొకటి. ఉద్యోగాల కోత, బృందం రద్దు వంటివి బాధితులకు మొదట న్యూస్‌లెటర్ ద్వారా తెలియకూడదు. వారి మేనేజరు స్వయంగా మాట్లాడాకే నువ్వు రాయాలి. అంతదాకా ఆగమని గట్టిగా చెప్పడం కూడా నీ ఉద్యోగమే. తప్పు దొర్లితే సవరణను తరువాతి సంచికలో అన్నిటికన్నా పైన వెయ్యి.

రెండో సంచిక పంపే ముందు చిత్తుప్రతిని విశాఖలోని సహోద్యోగి ఒకరికి ఇచ్చి, చదివాక సోమవారం నుంచి తన పనిలో ఏం మారుతుందో ఫోన్‌లో చెప్పమను. వారు చెప్పినది ఉన్నదున్నట్లు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి