ఫోను గుర్రం మీదా, మనిషి మీదా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఆబర్న్ దగ్గరి కొండదారుల్లో జరిగే 25 మైళ్ళ గుర్రపు ఎండ్యూరెన్స్ రైడ్‌కి (దూరపు సవారీ పోటీకి) మా అమ్మాయి పేరిచ్చింది. ఫోను, మందులు, నీళ్ళు అన్నీ జీను సంచిలో సర్దేసింది. ఇంకేమైనా కావాలా? (ఒక తల్లి, శాక్రమెంటో)

జవాబు: ముందు ఆ ఫోను సంచిలోంచి తీయించండి. మనిషి పడ్డాక బెదిరిన గుర్రం ఆగదు, ఫోనూ దాంతోపాటే పోతుంది. ఫోను, విజిల్, అర లీటరు నీళ్ళు, తేనెటీగ కాటు పడనివాళ్ళయితే ఎపినెఫ్రిన్ ఇంజెక్షను ఒంటిమీదే ఉండాలి. వెన్ను మీద మాత్రం గట్టి వస్తువేదీ కట్టుకోవద్దు. వెల్లకిలా పడితే దెబ్బ అక్కడే. స్పాంజి, ఎలక్ట్రోలైట్లు (చెమటతో పోయే లవణాలు), లాడం ఊడితే తొడగడానికి గిట్ట బూటు సంచిలో ఉంటే చాలు. జీనుకి ఫోన్ నంబరు ట్యాగు కట్టండి. అది మీ అమ్మాయి నంబరు కాకూడదు, క్యాంపులో ఉండేవాళ్ళది కావాలి.

ఆ లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. 1955 నుంచి జరుగుతున్న 100 మైళ్ళ గుర్రపు పోటీ టెవిస్ కప్ కూడా ఆ లోయలు దాటే ఆబర్న్ చేరుతుంది. ఆ పోటీలో హామ్ రేడియో (సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికుల) వాలంటీర్లు కబుర్లు అందిస్తారు. చిన్న రైడ్లలో అంత ఏర్పాటు ఉంటుందనుకోవద్దు, ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ అద్దెకైనా తీసుకోండి.

బూటుకి మడమ ఉండాలి. లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది, గుర్రం ఈడ్చుకుపోతుంది. తోటి రైడర్ పడితే లేపి కూర్చోబెట్టొద్దు, ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ తీయొద్దు. ఒకరు దగ్గరుండి, ఇంకొకరు తర్వాతి చెక్‌పాయింటుకి వెళ్ళి ఎక్కడ పడ్డారో, స్పృహ ఉందో లేదో చెప్పాలి. తలకి దెబ్బ తగిలినవాళ్ళు "బానే ఉన్నా" అన్నా మళ్ళీ గుర్రం ఎక్కనివ్వొద్దు. దెబ్బ తిన్న ఆ హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, అయినా పారేయాల్సిందే.

ప్రశ్న: దారి మధ్యలో గుర్రం మొరాయిస్తే నడిపించుకుంటూ తీసుకెళ్ళొచ్చా?

జవాబు: ముందు వెనక తొడలు నొక్కి చూడండి. రాయిలా బిగుసుకుని, గుర్రం వణుకుతూ అడుగు వేయలేకపోతుంటే అది కండరాలు పట్టేయడం. మూత్రం కాఫీ రంగులో వచ్చిందంటే కండరం దెబ్బతిని, అందులోని పదార్థం మూత్రపిండాలకి చేరుతోందన్నమాట. ఈ రెండిట్లో ఏది కనిపించినా ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. నీడన నిలబెట్టి, నీళ్ళు తాగనిచ్చి, వెట్‌కి (పశువైద్యుడికి) కబురంపండి. గుర్రాన్ని ఎక్కించుకెళ్ళే ట్రైలర్ బండి గుర్రం దగ్గరికే రావాలి.