నాన్నగారి రివాల్వర్ బీరువాలో ఉంది, జేబులో పట్టే పిస్టల్ కొనుక్కోవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. బెల్లం మండీలో కమీషన్ వ్యాపారం. సీజన్లో రాత్రిపూట వసూళ్ల డబ్బు బ్యాగులో పెట్టుకుని స్కూటీ మీద పెనుమూరు దారిలో ఇంటికి వెళ్తాను. రెండు నెలల క్రితం బైక్ మీద ఇద్దరు వచ్చి అడ్డగించి బ్యాగు లాగారు. వెనక లారీ రావడంతో వదిలేసి పారిపోయారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇంట్లో ఆడవాళ్లు నేను వచ్చేదాకా అన్నం ముట్టడం లేదు. గొడవ ఎందుకని పోలీసులకు చెప్పలేదు. మా నాన్నగారికి 1998 నుంచి .32 రివాల్వర్ లైసెన్సు ఉండేది. 2024 ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి, తర్వాత తెచ్చుకున్నారు. ఆ ఏడాది చివర్లో కాలం చేశారు. రివాల్వర్, తూటాలు బీరువాలోనే ఉన్నాయి, తాళం నా దగ్గరే. అది జేబులో పట్టదు. బయటికి కనపడని చిన్న పిస్టల్ కావాలి. .22 మంచిదా, .32 మంచిదా? నాన్నగారి లైసెన్సు మీదే మార్చుకోవచ్చా? తెలిసినతను ఒకరు కాగితాలు లేని చిన్న విదేశీ పిస్టల్ నలభై వేలకు ఇప్పిస్తానంటున్నారు, లైసెన్సు వచ్చాక అందులో ఎక్కించుకోవచ్చట. పాత రివాల్వర్ సంగతి మూడేళ్లు గడిస్తే కేసు చెల్లదని మా బంధువొకాయన అంటున్నారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా ఆ రాత్రి గురించే ఉంది. నేను మాత్రం "తాళం నా దగ్గరే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ వ్యవహారమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఏ పిస్టల్ కొనాలన్నది ఆ తర్వాతి సంగతి.

ఆయుధాల లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. ఇల్లు, పొలం వచ్చినట్టు తండ్రి నుంచి కొడుక్కి దానంతటది రాదు. మీ నాన్నగారు పోయిన రోజుతోనే ఆయన లైసెన్సు పని అయిపోయింది. పుస్తకంలో గడువు ఇంకా మిగిలి ఉన్నా మీకు పనికిరాదు. ఆ రోజు నుంచి ఆ రివాల్వర్ లైసెన్సు లేని ఆయుధం. అది ఎక్కడుందో మీకు తెలుసు, తాళం మీ చేతిలో ఉంది. చట్టం దృష్టిలో స్వాధీనం అంటే అదే. జేబులో పెట్టుకుని తిరగనక్కర్లేదు. తెలిసి, అదుపులో ఉంచుకుంటే చాలునని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనే చెప్పింది.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం, ఏ కారణంగానైనా ఆయుధం ఉంచుకునే హక్కు పోతే అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ అప్పగించాలి. ఏడాది దాటినా మీరు ఆ పని చేయలేదు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు, దాంతో పాటు జరిమానా. ఇంకొక సెక్షన్ కూడా చదువుకోండి, 35. పలువురు కలిసి ఉండే ఇంట్లో ఆయుధం దొరికితే, అది అక్కడున్నట్టు తెలిసిన ప్రతి ఒక్కరూ బాధ్యులే, కాదని రుజువు చేసుకుంటే తప్ప. అంటే ఆ బీరువా ఉన్న గదిలో పడుకునే మీ అమ్మగారు కూడా. ఇంట్లోవాళ్లు అన్నం ముట్టడం లేదని బాధపడుతున్న మీరే వాళ్ల నెత్తిన ఇంత పెద్ద ప్రమాదం పెట్టి కూర్చున్నారు.

మీ బంధువు చెప్పిన మూడేళ్ల లెక్క తప్పు. ఆయన ఏ ఉద్దేశంతో చెప్పారో గానీ, దాన్ని నమ్ముకుంటే మునిగిపోతారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514 (పాత సీఆర్‌పీసీలో 468) కింద మూడేళ్ల కాలపరిమితి ఉన్నది గరిష్ఠ శిక్ష మూడేళ్లు మించని నేరాలకే. మీ విషయంలో గరిష్ఠం ఐదేళ్లు, కాబట్టి ఆ పరిమితి వర్తించదు. పైగా ఇది ఒకరోజు జరిగి అయిపోయే నేరం కాదు. ఆయుధం మీ దగ్గర ఉన్నంతకాలం రోజూ కొత్తగా జరుగుతున్నట్టే లెక్క. ఆగే కొద్దీ మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు, "ఇన్నాళ్లు ఎందుకు ఇవ్వలేదు" అన్న ప్రశ్న మాత్రం గట్టిపడుతుంది. ఇంకో సంగతి మర్చిపోకండి. 2024లో మీ నాన్నగారు దాన్ని స్టేషన్లో అప్పగించి వెనక్కి తీసుకున్నారు కాబట్టి, ఆ ఆయుధం మీ ఇంటికి తిరిగి వచ్చినట్టు వాళ్ల రిజిస్టర్లో రాసే ఉంటుంది. మళ్లీ ఎన్నికలొస్తే జాబితా పట్టుకుని తలుపు కొడతారు. వాళ్లు వచ్చేలోపు మీరే వెళ్లాలి. తానుగా వచ్చి అప్పగించినవాడికీ, సోదాలో దొరికినవాడికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

ఇక ఆ నలభై వేల పిస్టల్. దాన్ని తాకకండి, చూడ్డానికి కూడా వెళ్లకండి, ఆ మనిషితో ఫోన్లో ధర మాట్లాడకండి. 1980ల మధ్య నుంచి సామాన్య లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. కాగితాలు లేకుండా కొత్త విదేశీ పిస్టల్ వచ్చిందంటే అది దొంగదారిలో వచ్చిందే. అది 9 ఎంఎం అయితే నిషేధిత బోరు (సామాన్యులకు అనుమతి లేని గొట్టం కొలత), దాన్ని ఉంచుకున్నందుకే ఏడేళ్లకు తగ్గని శిక్ష. అక్రమంగా ఆయుధాలు అమ్మేవాళ్లకు ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పడుతుంది. 2019 సవరణలో ఆ నిబంధనలోకి "సంపాదించడం" అన్న మాటను కూడా చేర్చారు, అందువల్ల కొన్నవాళ్లను కూడా అందులోకి లాగే వీలుంది. "తర్వాత లైసెన్సులో ఎక్కించుకోవచ్చు" అన్నది పచ్చి అబద్ధం. లైసెన్సులో ఆయుధం నంబరు ఎక్కాలంటే అది ఎవరి దగ్గర, ఏ బిల్లు మీద వచ్చిందో చూపాలి. దానికి ముందు ఎవరిమీద పేలిందో కూడా మీకు తెలియదు. ఆ నేరానికీ మీరే జవాబు చెప్పుకోవాలి.

ఫిర్యాదు ఇవ్వకపోవడం మీరు చేసిన రెండో తప్పు. గొడవ ఎందుకని ఊరుకున్నారు, ఇప్పుడు ఆత్మరక్షణకు ఆయుధం కావాలంటున్నారు. మీకు ప్రాణహాని ఉందని కలెక్టరు ఏ కాగితం చూసి నమ్మాలి? లైసెన్సు అర్జీ మీద పోలీసు విచారణ జరుగుతుంది. స్టేషన్లో మీ పేరున ఒక్క ఫిర్యాదు కూడా లేకపోతే ఆ నివేదికలో ఏం రాస్తారు? దోపిడీ ప్రయత్నానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 309 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది, కాబట్టి దానికి కాలం మించిపోలేదు. ఈ వారమే రాసివ్వండి. ఆలస్యానికి కారణం దాచకుండా, భయపడ్డానని ఉన్నదున్నట్టు రాయండి. తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీగారికి పోస్టులో పంపండి. ఆ దారిలో పెట్రోలు బంకులు, దుకాణాల కెమెరా రికార్డింగులు ఈపాటికి చెరిగిపోయి ఉండవచ్చు. అయినా వెళ్లి అడగండి. ఎవరి దగ్గరైనా ఉంటే పెన్‌డ్రైవ్ ఒక్కటే తీసుకుంటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ రికార్డింగు అసలైనదేనని చెప్పే ధ్రువపత్రం కూడా రాయించుకోండి. ఆ లారీ డ్రైవరు ఎవరో మండీలో ఆరా తీస్తే దొరకవచ్చు. ఆ రోజు బ్యాగులో ఎంత ఉందో మీ వసూళ్ల చిట్టాలో ఉంటుంది, దాన్ని జాగ్రత్త చేయండి.

రివాల్వర్‌ను ఎలా అప్పగించాలో జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామంది పొరపడతారు. స్కూటీ డిక్కీలో పెట్టుకుని నేరుగా స్టేషన్‌కు బయల్దేరకండి. దారిలో తనిఖీ జరిగితే "అప్పగించడానికే వెళ్తున్నా" అన్న మాటకు కాగితం ఉండదు. ముందు స్టేషన్ అధికారికి ఒక అర్జీ రాయండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం జిరాక్స్, 2024లో అప్పగించిన రసీదు ఉంటే అదీ జతచేయండి. తేదీ, ముద్రతో అందినట్టు సంతకం తీసుకోండి, ఒక కాపీ కలెక్టరుకు స్పీడ్ పోస్టులో పంపండి. తర్వాత వాళ్లు చెప్పిన రోజున మీ లాయర్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. మీకు తుపాకీ పట్టడం తెలియకపోతే మీరే తెరిచి తూటాలు తీసే ప్రయత్నం చేయకండి, ఇంటికే వచ్చి తీసుకోమని అర్జీలోనే రాయండి. రసీదులో రివాల్వర్ నంబరు, తూటాల సంఖ్య విడివిడిగా ఉండాలి. పుస్తకంలో ఉన్న లెక్కకూ బీరువాలో ఉన్న లెక్కకూ తేడా వస్తే ముందే నాతోనో మీ లాయర్‌తోనో చెప్పండి, అక్కడ నోరు జారకండి. ఎవరైనా పాత తేదీ వేసి రసీదు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అది ఫోర్జరీ అవుతుంది, ఉన్న కేసుకు మరొకటి తోడవుతుంది.

అప్పగించినంత మాత్రాన ఆ రివాల్వర్ మీకు పోయినట్టు కాదు. 2016 ఆయుధాల నియమావళి రూల్ 25 వారసుడికి లైసెన్సు ఇచ్చే అవకాశం కల్పించింది. తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. అమ్మగారు, తోబుట్టువులు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. ఫారం ఎ-1లో కలెక్టరేట్‌కు దరఖాస్తు చేయండి. చిత్తూరులో పోలీసు కమిషనరేట్ లేదు కాబట్టి లైసెన్సు ఇచ్చేది కలెక్టరే. తుపాకీ భద్రతా శిక్షణ ధ్రువపత్రం కూడా అవసరం. పోలీసు నివేదిక అందాక 60 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలి. కాదంటే కారణాలు రాసి ఇవ్వాలి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ 30 రోజులు మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. ఆలస్యాన్ని మన్నించే వీలున్నా, మీలాగా ఏడాదికి పైగా ఊరుకునే అలవాటున్నవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఏ జవాబూ రాకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మీరు అడిగిన .22, .32 సంగతి. రెండూ నిషేధిత బోర్లు కావు, కలెక్టరు లైసెన్సు సరిపోతుంది. చిన్నది కావాలంటే కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చిన .32 నిర్భీక్ రివాల్వర్ సుమారు అర కిలో బరువుంటుంది. కానీ నాన్నగారి రివాల్వర్ మీ పేరుకు మారితే మరొకటి దేనికి? కనపడకుండా పెట్టుకోవడం తప్పేమో అన్న అనుమానం అక్కర్లేదు. బహిరంగ స్థలంలో హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి పెట్టుకోవాలని నియమావళే చెబుతోంది. ఉత్త ప్యాంటు జేబులో వేసుకోవడం కుదరదు, తీసి చూపించి బెదిరించడం నేరం. మీరు కొండకు తరచూ వెళ్లేవారైతే లైసెన్సు ఉన్నా అలిపిరి దాటి ఆయుధం తీసుకెళ్లకూడదు. రేణిగుంట విమానాశ్రయంలో బ్యాగు మూల మరిచిపోయిన ఒక్క తూటా వల్ల ఆరు నెలలు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి నా దగ్గరికి వచ్చాడు.

కాల్చే హక్కు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆ రాత్రి బ్యాగు వదిలి పారిపోతున్నవాళ్ల వీపు మీద మీరు కాల్చి ఉంటే ఈ ఉత్తరం జైలు నుంచి వచ్చేది. దోపిడీని అడ్డుకునే హక్కు వాళ్లు దెబ్బ తీస్తున్నంతసేపు, ఆ భయం ఎదురుగా ఉన్నంతసేపే. ఆత్మరక్షణ కోసమే కాల్చానని చూపాల్సిన భారం కూడా మీదే.

లైసెన్సు వచ్చేసరికి నెలలు పడుతుంది. అప్పటిదాకా వసూళ్లు ఖాతాల్లో వేయమని రైతులకు, వ్యాపారులకు చెప్పండి. నగదు తప్పకపోతే పగలే బ్యాంకులో కట్టి ఖాళీ బ్యాగుతో ఇంటికి వెళ్లండి. బీరువా తాళం ఎవరికీ ఇవ్వకండి, రివాల్వర్‌ను చోటు మార్చకండి. ఉత్తరంలో మీరు రాయని ఒక వివరం మాత్రం నాకు కావాలి. నాన్నగారి లైసెన్సు చివరిసారి ఏ తేదీన రెన్యువల్ అయింది? ఆ పేజీ జిరాక్స్ లేకుండా స్టేషన్‌కు అర్జీ ఇవ్వకండి.