నెయ్యి మాట పోయి, నోటి మాట మిగిలింది

చి॥ల॥సౌ॥ మేనకోడలికి పెద్దత్త ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమం. మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు.

తిరుప్పావై పాడుకునే మీ గోష్ఠి గ్రూపులో పెడదామని రాసుకున్న మెసేజ్ ముందు నాకు పంపావు, అదే పదివేలు. పెట్టకు. అందులో అబద్ధముందని కాదు. ధనుర్మాసం చందాలన్నీ ఒక్కావిడ ఫోన్‌పేకే వెళ్తున్నాయి, లెక్క ఎవరికీ చెప్పరు. తదీయారాధనలో, అదే భక్తుల భోజనాల్లో, అంట్లు తోమే ఆవిడకి మాత్రం అందరూ తిన్నాక మెట్ల దగ్గర ప్రసాదం పెడుతున్నారు. రెండూ అడగాల్సినవే. అడిగితే భాగవతాపచారం, అంటే భక్తుల పట్ల అపరాధం, అంటారని నీ భయం.

నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు, మా ఊరి గుళ్ళో కూడారై రోజు, అదే ధనుర్మాసంలో ఇరవై ఏడో రోజు. మోచేతి దాకా నెయ్యి కారేలా పాలన్నం తింటామని ఆండాళ్ తిరుప్పావైలో ఇరవై ఏడో పాశురం, అంటే పాటలో, పాడతాం కదా, ఊరంతా నెయ్యి ఇచ్చారు. నేనూ రెండు కేజీలు ఇచ్చాను. తీరా చూస్తే అక్కారవడిసల్, అదే ఆ బెల్లం పాలన్నం, పొడిపొడిగా గరిటె మీంచి రాలుతోంది. నా నోరు ఆగింది కాదు. సరుకులు చూసే ఆయన ముందు, నలభై మంది మధ్య, "ఆండాళ్ తల్లి మోచెయ్యి దాకా అంది, మాకు వేలి కొసకైనా అంటలేదండీ" అనేశాను. అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, తాళంచెవులు గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ గోష్ఠికి రాలేదు. ఆ నెయ్యి ఆయనే తీశాడో, వంటవాళ్ళు దాచారో, పొయ్యడమే మరిచారో నాకిప్పటికీ తెలీదు. కనుక్కునే తీరిక ఎవరికుంది? ఊళ్ళో నెయ్యి మాట పోయి నా నోటి మాట మిగిలింది.

అలాగని నోరు మూసుకు కూర్చోమనడం లేదు. పదిహేనో పాశురం చూడు. ఇంకా లేవని చెలిని పిలుస్తూ వాకిట్లో నిలబడ్డ పిల్లలు "నీ మాటల నేర్పు మాకెప్పట్నించో తెలుసులే" అంటారు. "నేర్పరులు మీరే" అని లోపలి పిల్ల విసురుతుంది, అంతలోనే "పోనీ, నేనే అనుకోండి" అంటుంది. ఆ "నానేదాన్ ఆయిడుగ" దగ్గర పెద్దలు ఆగి, తనది కాని తప్పు కూడా తనమీద వేసుకోవడమే వైష్ణవ లక్షణమని చెప్తారు. బాగానే ఉంది. ఇంకో రెండు పాదాలు దిగితే "అందరూ వచ్చారా?" అని ఆ పిల్లే అడుగుతుంది. "వచ్చారు, నువ్వే వచ్చి లెక్కపెట్టుకో" అంటారు వాళ్ళు. ఎంత వినయం చూపిన పిల్లైనా లెక్క అడిగింది. అడిగినందుకు ఎవరూ మొహం ముడుచుకోలేదు.

నువ్వు ముందు ఆ చందాలు తీసుకునే ఆవిడింటికి వెళ్ళు, ఒక్కదానివే. పది దాటాక, కాఫీ వేళకి. మోసం, తినెయ్యడం లాంటి మాటలు నోటెంట రానీకు. "అక్కా, ఏ రోజుకారోజు ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది అని గ్రూపులో వేద్దామా? రాసే పని నేను చూసుకుంటాను" అను. ఆ చివరి ముక్క మరిచిపోకు. పని ముట్టుకోకుండా లెక్కలడిగే వాళ్ళంటే నాకూ ఒళ్ళు మంటే. తెల్లారగట్ల నాలుగింటికి లేచి పొంగలి వండుతున్నది ఆవిడే కదా. కాదందనుకో, మీ గోష్ఠిలో పెద్దావిణ్ణి ఒకరిని తోడు తీసుకుని మళ్ళీ వెళ్ళు. అప్పటికీ వినకపోతే తీర్థం, శఠారి అయ్యాక అందరి ముందూ అదే మాట అదే గొంతుతో అడుగు. చందా ఆపదలిస్తే మొహం మీద చెప్పి ఆపు. చాటున గొణుక్కోవడం మాత్రం వద్దు.

అంట్లావిడ సంగతికి ఇన్నిసార్లు తిరగడం అనవసరం. భాగవతుల పుట్టుక ఎంచడమే భాగవతాపచారాల్లో ఒకటని మన ఆచార్యులు పిళ్ళై లోకాచార్యులు శ్రీవచన భూషణంలో చెప్పారు. రామానుజులు కావేరికి బ్రాహ్మణ శిష్యుడు ముదలియాండాన్‌ని పట్టుకుని వెళ్ళి, స్నానమయ్యాక తక్కువ కులమని లోకమన్న శిష్యుడు ఉఱంగావిల్లిదాసు చెయ్యి పట్టుకుని వచ్చేవారని గురుపరంపర కథల్లో ఉంది. ఇవన్నీ తెలుసుకో, కానీ వాళ్ళ మీదికి విసరకు, వాదన తెగదు. విస్తళ్ళు వేసేటప్పుడు ఆవిణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకో, చాలు. అయితే ముందు ఆవిణ్ణే అడుగు. నీ పంతం నెగ్గి ఆవిడ పని పోతే ఆ జీతం నువ్విస్తావా?

ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పిన ఈ వరస పనికిరాదు. పిల్లల మీదో ఆడవాళ్ళ మీదో ఎవడైనా చెయ్యి వేశాడని తెలిస్తే ఇంటికెళ్ళి కాఫీలు తాగడాలు లేవు. పిల్లలైతే 1098, పోలీసులకి 112. గోష్ఠి పరువు అంటూ నీ చుట్టూ చేరతారు. నాలాంటి ముసలాళ్ళే ముందు చేరతారు. వినకు.

కూడారైకి వస్తున్నాను. రెండు కేజీల నెయ్యి కాచి తెస్తాను. గుమ్మంలోనే తూచి నీ పుస్తకంలో రాసుకో.

మీ పెద్దత్త